జానెడు ఎత్తు

మా అన్న కారు కొన్నప్పుడు నేను సంతోషపడ్డాను. దాన్ని కిందికి దించినప్పుడు కూడా సంతోషపడ్డాను, ఎందుకంటే దించడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు.

అన్న పేరు హాతీరాం. కొత్తగూడెంలో బొగ్గుబాయి ఆఫీసులో గుమస్తా. క్వార్టరు ముందు ఆ ఎర్ర మారుతి నిలబడి ఉంటే దారినపోయేవాళ్లు ఆగి చూసేవారు. హైదరాబాదులో కార్ల పందేలకు పోయే దోస్తు ఒకడు తన బండికి విప్పేసిన స్ప్రింగులు అన్నకు ఇచ్చాడు. విదేశీ సరుకట. అవి బిగించాక కారు పొట్ట నేలకు దగ్గరయింది. చక్రాలకు లోపలి వైపు ఇనుప పళ్లేల్లాంటివి పెట్టించాడు. స్పేసర్లంటారట. వాటితో నాలుగు చక్రాలూ కారు ఒంట్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి.

"ఏందన్నా గిట్ల కూసున్నది, కోడి గుడ్ల మీద కూసున్నట్టు?" అన్నాను.

"నీకేం ఎర్కనే సక్రీ! మలుపుల కాడ పక్కకు ఒరగది. రోడ్డును కరుసుకొని పోతది," అంటూ దాని వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. నా కొడుకు లాలు నా చంకలోనే ఉన్నాడు. ఆ రోజు వాడి నెత్తి మీద అన్న చెయ్యి వేసినట్టు నాకు గుర్తు లేదు.

లాలుకు అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. పుట్టువెంట్రుకలు తీయలేదు. మేనమామ మా ఇంటికి వచ్చి, పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి, ఆ తర్వాతే వేరేవాళ్ల చెయ్యి పడాలి అని మా అత్త సోమ్లి పట్టు. మా బావగారి కొడుక్కి మేనమామ రాకముందే ఎవరో జుట్టు తీశారట. ఆ ఏడాదే వాడు జ్వరంతో పోయాడు. అత్త ఆ మాట ఎత్తిన ప్రతిసారీ నేను లాలును దగ్గరికి లాక్కునేదాన్ని. అది నమ్మాలో వద్దో తేల్చుకునేంత చదువు నాకు లేదు. ఏడో తరగతిలో బడి మాన్పించారు. అన్న హాస్టల్లో ఉండి చదువుకోవాలి, మేకల వెంట పోవడానికి ఇంట్లో ఒకరుండాలి. అమ్మా నాన్నా పోయాక పుట్టింటి తరఫున నాకు మిగిలింది ఆ అన్న ఒక్కడే.

ఆ ఏడు ఎండలు ముదరగానే లాలు మాడు నిండా సెగ్గడ్డలు లేచాయి. చీము కారి జుట్టు అట్టలు కట్టింది. గోక్కుంటాడని వాడి చేతులకు గుడ్డ చుట్టేదాన్ని. గుడ్డ చుట్టినందుకు ఇంకా ఏడ్చేవాడు. జూలూరుపాడు దవాఖానాకు ఎత్తుకుపోతే డాక్టరు ముఖం చిట్లించాడు.

"ముందు జుట్టు తీపియ్యమ్మా. మందు నెత్తికి రాయాల్నా, వెంట్రుకలకు రాయాల్నా?"

ఇంటికొచ్చి చెబితే అత్త చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "మేనమామ లేనోడా ఏంది నా మనుమడు? ఉన్నడు గద. కారు గూడ కొన్నడు. రమ్మను."

రమ్మన్నాను. బస్సెక్కి కొత్తగూడెం పోయిన ప్రతిసారీ రమ్మన్నాను. అన్నది ఒకటే మాట.

"రావొద్దని నాకుంటదా? మీ తండా బాట సూసినవా? రెండు పక్కల గాడి, నడుమ గడ్డ తేలి ఉంటది. ఒర్రె నీళ్లు దాటనీకేమో ఆ రాతి కడీలు. నా బండి ఎట్ల దాటుద్ది?"

"బస్సుల రా అన్నా. రోడ్డు కాడ దిగి నడిస్తే ఎంతసేపు?"

"కారు పెట్టుకొని బస్సుల వస్తే మీ తండోళ్లు నవ్వరా?"

"పోనీ, బండినే కొంచెం పైకి లేపియ్యరాదు?"

అన్న నవ్వాడు. "లేపుడుండదే పిచ్చిదానా. ఒకసారి దించితే దించినట్టే. మళ్ల లేవది."

ఆ మాట నేను నమ్మాను. నమ్మి, దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చాను.

నా భర్త రెడ్యా విని, బీడీ నేలకేసి నలిపాడు. తర్వాత, "బండి లేవదంటే బాటనే దిగాలె," అన్నాడు. "ఎంత దిగాల్నో కొలుసుకొని రా."

ఈసారి పోయినప్పుడు అన్న ఆఫీసులో ఉన్నాడు. లాలును అరుగు మీద కూర్చోబెట్టి, కారు పక్కన బోర్లా పడుకున్నాను. నేలకూ దాని పొట్టకూ నడుమ చెయ్యి నిలువుగా పెట్టి చూశాను. నాలుగు వేళ్లు పట్టాయి, పైన బొటనవేలు అడ్డంగా పెడితే ఆనింది. వెంట తెచ్చిన నులక తాడును ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా పట్టి ముడులు వేశాను. మా వదిన నిర్మలాదేవి వాకిట్లోకి వచ్చి చూసింది. పెనుబల్లి వైపు పిల్ల, పదో తరగతి పాసయింది.

"ఏం పడిపోయింది సక్రీ?"

"ఏం పడలే వదినా. మీ బండి కొలత తీసుకుంటున్న."

"కొలత దేనికి?"

"దీనికి సరిపోయేటట్టు ఒక బాట కుట్టిద్దామని."

వదిన కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వులోనూ నా నవ్వులోనూ ఏ కల్మషమూ లేదు.

అవి బీడీలకు తునికాకు కోసే రోజులు. తెల్లారకముందే అడవికి పోకపోతే ఆకు దొరకదు. అయినా రెడ్యా అడిగితే ఇంటికొకరు చొప్పున పారలు, గడ్డపారలు పట్టుకుని వచ్చారు. ఎండకు రాయిలా బిగిసిన నడిమి గడ్డను చెక్కుతూ పోయారు. నేను వాళ్ల వెనకాలే వంగి చెయ్యి పెట్టి చూస్తూ, "ఇంకా రెండు వేళ్లు, ఇక్కడ ఇంకా ఒక్క వేలు," అంటూ నడిచాను. ఒర్రె మీది కడీలు, పొడుగాటి రాతి కంబాలు, పోయినేడు పోలియో చుక్కల వ్యాను దాటడానికి తండావాళ్లు చక్రానికి రెండు చొప్పున పరిచినవి. వ్యాను చక్రాలకు సరిగ్గా సరిపోయేవి. అన్న చక్రాలు బయటికి పొడుచుకొచ్చాయి కదా, నా తాడు ముడుల ప్రకారం కడీలను అటు రెండూ ఇటు రెండూ ఎడంగా జరపాల్సి వచ్చింది.

పక్కింటి జైరాంకు నోరు ఊరుకోదు. "కలెక్టరొచ్చినా ఇంత బాట చెయ్యలేదు గదరా మనం!"

"కలెక్టరు మా బావ కాదు గద," అన్నాడు రెడ్యా.

"బావైతే మాత్రం? కాళ్లు లేవా మీ బావకు?"

అందరూ నవ్వారు. రెడ్యా కూడా నవ్వాడు. నేను వంగే ఉన్నాను, ముఖం కనబడకుండా.

అనుకున్న రోజు పొద్దున్నే మా వాకిలి అలికి, మంచం మీద కొత్త బొంత పరిచాను. మాంసం వండాము. అత్త కత్తెరకు పసుపు రాసి పళ్లెంలో పెట్టింది. లాలుకు స్నానం చేయించబోతే నెత్తి మీద నీళ్లు పడగానే గుక్కపెట్టాడు. "ఇయ్యాల్టితో అయిపోతదిరా నాయనా, మామ వస్తుండు," అని వాడికి చెబుతూ నాకు నేనే చెప్పుకున్నాను.

కారు వచ్చింది. పిల్లలంతా బాట పక్కన పరుగెత్తారు. ఒర్రె దగ్గర అన్న ఆగి, తల బయటికి పెట్టి చూసి, మెల్లగా కడీల మీదికి ఎక్కించాడు. చక్రాలు నేను ముడి వేసిన చోటనే పడ్డాయి. కారు ఇవతలికి దాటగానే తండా తండా అంతా కేక వేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత కొంచెం దూరం వచ్చిందో లేదో, కింద రాయికి ఇనుము రాసుకున్న చప్పుడు. కారు ఆగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు.

రెడ్యా నేల మీద పడుకుని చూశాడు. "బావా, కడుపు ఆనింది."

నేను కొలిచింది ఖాళీ బండిని. ఇప్పుడందులో అన్న, వదిన, వాళ్ల ఆడపిల్లలిద్దరు, వెనక డిక్కీలో ఇత్తడి బిందె, కూల్‌డ్రింకుల పెట్టె. మనుషులెక్కితే స్ప్రింగు కుంగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. మోపు నెత్తికెత్తుకుంటే నా మెడ ఎంత కుంగుతుందో రోజూ తెలుస్తూనే ఉంటుంది, అయినా తట్టలేదు.

వదిన దిగింది, పిల్లలను దింపింది. "పదండి, నడిచిపోదాం. ఇళ్లు కనపడతానే ఉన్నాయి కదా."

"ఆగు. ముందు బండి సంగతి సూడాలె," అన్నాడు అన్న, స్టీరింగు వదలకుండా.

మగవాళ్లు చుట్టూ చేరి పట్టుకున్నారు. అన్న లోపలే కూర్చున్నాడు.

"నువ్వు గూడ దిగితే ఒక మనిషి బరువు తగ్గుద్ది బావా," అన్నాడు రెడ్యా.

"నేను దిగితే స్టీరింగు ఎవడు పట్టుకుంటడు? బంపరు పట్టుకోకున్రి, ఊడుద్ది! కిందికెళ్లి పట్టున్రి!"

"పల్లకి మోసినట్టే ఉంది," అన్నాడు జైరాం ఊపిరి బిగబట్టి. "కూలేమిస్తవ్ దొరా?"

ఎవరూ నవ్వలేదు. నా భర్త మోకాళ్లు మట్టిలో ఆనించి, మెడ నరాలు ఉబ్బగా, మా అన్న కూర్చున్న కారును ఎత్తుతుంటే నేను లాలును ఎత్తుకుని చూస్తూ నిలబడ్డాను. బండిని వెనక్కి ఒర్రె వైపు జరిపి దించారు.

కిటికీ దగ్గరికి పోయాను. "ఇప్పుడు నువ్వొక్కనివే గదన్నా. తేలికైంది. ఇంక తగలది. మెల్లగ రా. లేకపోతే ఇక్కడే పెట్టి నడిసి రా. అత్త పళ్లెం పెట్టుకొని కూసున్నది."

"ఇంక నావల్ల కాదు సక్రీ. కింద ఆయిలు చాంబరు పగిలితే ఎవడు బాధ్యుడు? ఇక్కడ బండి ఇడిసిపెడితే ఈ పోరగాళ్లు గీతలు పెడ్తరు. కత్తెర ఇక్కడికే తెప్పియ్యి."

కత్తెర తెప్పించాను. అన్న తలుపు తీశాడు గానీ కాళ్లు బయట పెట్టలేదు. ప్యాంటుకు చీము అంటకుండా తొడల మీద తువ్వాలు పరుచుకుని పిల్లవాణ్ణి తీసుకున్నాడు. లాలు బెదిరి కాళ్లు తన్నితే హారను మోగింది. దానికి ఇంకా బెదిరాడు. అన్న చెవి పక్కన ఒక పాయ కత్తిరించి నా చేతిలో పెట్టాడు, పిల్లవాణ్ణి నా చంకలో పెట్టాడు. వదిన బిందె, కొత్త బట్టలు ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నా వైపు చూడలేకపోయింది. వదిన పిల్లలతో మళ్లీ కారెక్కింది. బండి తిప్పుకునే జాగా లేక అన్న వెనక్కి వెనక్కి పోయాడు. మా ముఖాలు చూస్తూనే పోయాడు.

మంగలి అదే రోజు జుట్టు తీశాడు. మందు రాస్తే సెగ్గడ్డలు మానిపోయాయి. పిల్లవాడు నిద్రపోయాడు, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అత్త ఆ పాయను చూస్తూ ఒకటే గొణిగింది.

"గడప తొక్కలే. మంచం మీద కూసోలే. అది ఒడి కాదు పిల్లా, సీటు."

తొలకరి పడ్డాక పోలియో వ్యాను వచ్చింది. ఎడంగా జరిపిన కడీల మీద దాని చక్రాలు పట్టలేదు. నర్సమ్మ ఒర్రె అవతలే దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని, మమ్మల్ని తిడుతూ నడిచి వచ్చింది. మర్నాడు మగవాళ్లు కడీలను మళ్లీ పాతచోటికి జరిపారు.

ఆ వారంలోనే లాలుకు జ్వరం తగిలింది. అందరి పిల్లలకూ వచ్చే వానాకాలం జ్వరమే. కానీ అత్త నా వైపు చూసిన చూపులో, జ్వరంతో పోయిన మా బావగారి కొడుకు కనబడ్డాడు. జ్వరం తగ్గీ తగ్గగానే పిల్లవాణ్ణి కొంగులో చుట్టుకుని కొత్తగూడెం బస్సెక్కాను. ఒక్కసారి ఇంటికి వచ్చి, వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని పొమ్మని అన్న కాళ్లు పట్టుకోవాలనుకున్నాను.

క్వార్టరు ముందు ఎర్ర కారు ఉంది. చూసి, వేరేవాళ్ల ఇంటికి వచ్చానేమో అనుకున్నాను. కారు లేచి నిలబడి ఉంది, మామూలు కార్లలాగే.

వదిన ఎదురొచ్చి లాలును అందుకుంది. "రా సక్రీ, సమయానికి వచ్చావు. రేపు మా నాన్నగారింటికి పోతున్నాం. అక్కడ రోడ్డంతా గుంతలు కదా, మీ అన్నయ్య పొద్దున్నే బండి లేపారు. నేను టీ కాచేలోపే అయిపోయింది."

"లేపిండా?"

"అవును. స్ప్రింగు కింద మరలుంటాయంట. పానాతో తిప్పితే లేస్తది, మళ్లీ తిప్పితే దిగుతది. దాని సుఖమే అదంట."

అరుగు మీద ఆ పానా ఉంది. కొనకు కొక్కెంలా వంగి ఉంది. అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూశాడు, పానాను చూశాడు, దాని మీద తుడుచుకున్న గుడ్డ వేశాడు.

"ఎప్పుడొచ్చినవే? పిల్లగాడు ఎట్లున్నడు?"

నేను కారు దగ్గరికి పోయి వంగి, కింద చెయ్యి పెట్టాను. జానెడు పట్టింది, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా. ఇంకా సందు మిగిలింది.

"లేవదన్నవ్ గదన్నా."

"అది... అప్పటి సెట్టింగు వేరే ఉండె. నీకు సమజ్ కాదులే. లోపలికి రా, అన్నం తిను."

"బస్సు పోతది," అని పిల్లవాణ్ణి తీసుకున్నాను. వాడు కారు అద్దంలో తన గుండు చూసుకుని నవ్వాడు. అడగడానికి వచ్చింది అడగలేదు.

చీకటి పడేవేళకు ఇల్లు చేరాను. అత్త గడపలోనే అడిగింది. "ఏమన్నడు మీ అన్న? వస్తడా?"

నిజం చెబితే ఆ రోజు నుంచి నాకు పుట్టిల్లు లేదు.

"బండి కింద తగుల్తదంట అత్తా," అన్నాను.

అత్త ముఖం తిప్పుకుంది. రెడ్యా పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. వానకు బాట మెత్తబడింది కదా అని ఆలోచిస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"ఇంకో బెత్తెడు చెక్కుదమా సక్రీ?" అన్నాడు. "ఇప్పుడైతే జల్దీ అయితది."

"వద్దు," అన్నాను. "ఎంత చెక్కినా ఆ బండికి సరిపోదు."