మూడు జతల ఇయర్‌ఫోన్లు

ఆడలేక మద్దెల ఓడనే రకం కాదు నేను. వాకాడు పక్క రేవుల్లో ఏ పడవ ఇంజనుకు జబ్బు చేసినా ముందు నాకే ఫోన్ వస్తుంది. సముద్రం మీద నుంచే ఇంజను శబ్దం రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతారు. నేను విని, ముందుకు పోవచ్చో తిరిగి రావాలో చెబుతాను. ప్రాణాలతో పని కాబట్టి తీగ లేని ఇయర్‌ఫోన్లను నమ్మను.

పోయిన వారం ముత్యాలయ్య తన పడవ నుంచి పంపింది విని, "ఏం కాదు, ముందుకు పోనీ" అన్నాను. కాసేపటికే ఇంజను పట్టేసింది. ఇంకో పడవ వెళ్లి లాక్కొచ్చేదాకా వాళ్లు గాలివాటున కొట్టుకుపోయారు. తప్పు నాది కాదు, పాత ఇయర్‌ఫోన్లదని ఊరంతా చెప్పి, కొత్తవి కొనడానికి సూళ్లూరుపేటలో హజరత్తయ్య సెల్‌ఫోన్ల కొట్టుకు వచ్చాను.

అతను మధ్యరకం ధరలో మూడు జతలు ముందు పెట్టాడు. పరీక్షకు నా దగ్గర పాత రికార్డింగ్ ఒకటుంది. వాల్వు వదులైన ఇంజను అది. దడదడ కింద సన్నగా టిక్కు టిక్కుమంటుంది. నిరుడు నేనే విని పట్టుకున్నాను.

మొదటి జతలో దడదడ తప్ప ఇంకేం లేదు, పెళ్లి బ్యాండు మధ్యలో కూర్చున్నట్టుంది. రెండోది చూడ్డానికి ముచ్చటైనది. లోహపు డొప్పలు, చిక్కుపడని గుడ్డ అల్లిక తీగ. కానీ తీగ చొక్కాకు తగిలితే చాలు, గరగర చెవిలోకొస్తుంది. మూడోది ప్లాస్టిక్, తేలిక, మాట స్పష్టం. పిన్ను దగ్గర తీగ మాత్రం వారానికే తెగేట్టుంది. టిక్కు దేంట్లోనూ లేదు.

"ఏం సరుకు తెస్తావయ్యా నువ్వు? ఒక్కదాంట్లోనూ ఆ టిక్కు రాలా."

హజరత్తయ్య మూడూ ఒకదాని తర్వాత ఒకటి తన చెవుల్లో పెట్టుకున్నాడు. నా వంక చూడకుండా తీగలు చుడుతూ, "మూడిట్లోనూ వస్తా ఉండాదే అన్నా. మూడోదాంట్లో ఇంకా బాగా తెలస్తా ఉండాది" అన్నాడు.

జేబులోంచి నా పాతవి తీసిచ్చాను. వాటిలోనూ వినిపిస్తోందన్నాడు.

ముప్పై ఏళ్లు ఇంజన్ల మీద వంగిన చెవులు. నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

అప్పుడే సముద్రం మీదున్న పెంచల్ నుంచి రికార్డింగ్ వచ్చింది, వెనకే అతని మాట. "అన్నా, ఇంజను తేడాగా ఉండాది. చానా దూరం వచ్చినాం. పోవచ్చా, తిరిగి వచ్చేదా?"

రెండుసార్లు విన్నాను. ఉత్త దడదడే.

హజరత్తయ్యకు వినపడుతుంది గానీ అదేం జబ్బో తెలియదు. తెలిసినవాడు మధుబాబు ఒక్కడే. నా దగ్గరే పని నేర్చుకుని వేరే షెడ్డు పెట్టుకున్నాడు. "వాడివి చెవులు కాదు, చిల్లులు" అని అప్పట్లో రేవులో నలుగురి ముందు అన్నాను. పెంచల్ రికార్డింగ్ అతనికే పంపించాను. తర్వాత పెంచల్‌కు ఫోన్ చేశాను.

"మధుబాబు ఏం చెప్తే అది చెయ్యండి. ఇంకమీదట నాకు పంపొద్దు. నాకు చెవులు పోయినాయి."

హజరత్తయ్య మూడు జతలూ నా ముందుకు జరిపి, "ఏది కట్టమంటావన్నా?" అన్నాడు.

"నువ్వే చెప్పు. శబ్దం బాగుండేది ఏది?"

"మూడోదే. దాని తీగ మాత్రం తొందరగా తెగిపోతుందన్నా."

"కట్టు, మధుబాబుకి. వాడి చేతిలో ఏదీ తెగదు."