గుండ్రని తోక

మునికుమార్‌కు ఎదుటివాళ్ల పనిలో నలుసు ఆమడ దూరం నుంచే కనిపిస్తుంది. శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో తయారైన సరుకు చూసి, బాగాలేనిది పక్కకు తోసే ఉద్యోగం అతనిది. ఆ బుద్ధిని సాయంత్రం బస్సులోనే వదిలేసి రావచ్చు కదా, రాడు. నగరికి పెళ్లిచూపులకు వచ్చిన రోజే, కాబోయే అత్త వరలక్ష్మమ్మ స్వయంగా నేసి తాంబూలంలో పెట్టిన పంచె విప్పి చూసి, అంచులో ఒక పోగు తప్పిందని చెప్పాడు. తప్పిన మాట నిజమే. కూతురు కోమలి ముచ్చటపడింది కాబట్టి పెళ్లి జరిగింది. అత్త మాత్రం ఆనాటి నుంచి అల్లుడితో నేరుగా మాట్లాడలేదు. అతను ఎదురుగా కూర్చున్నా, "కోమలీ, ఆయనకు ఇంకొంచెం చారు కావాల్నేమో అడుగు" అనేది. తల్లి చిన్నప్పుడే పోయినవాడు, అత్త నోట ఒక్కసారి పిలిపించుకోవాలని అతనికి చెప్పలేనంత ఆశ.

అత్తవాళ్లుండే నేతగాళ్ల వీధిలో పెరుమాళ్ల గుడికి కుంభాభిషేకం వచ్చింది. గరుడ పక్షి ఆకాశంలో ప్రదక్షిణ చేస్తేనే గోపురం మీద కలశాలకు నీళ్లు పోయడం ఆనవాయితీ. కిందటేడు పక్క వీధివాళ్లు తొందరపడి, మామూలు గద్దకు దండం పెట్టి నీళ్లు పోసేశారు. ఎవడో ఫోన్లో తీసిన వీడియోలో చీలిన తోక స్పష్టంగా పడింది. అప్పటినుంచి వాళ్ల గుడికి గద్ద గుడి అనే పేరు స్థిరపడింది. అసలు పేరు ఇప్పుడు వాళ్లకే గుర్తు లేదు. అందుకే కమిటీ పెద్ద శాంతయ్య ఈసారి మునికుమార్‌ను ఎదురు మిద్దె ఎక్కించి, చేతికి దుర్భిణి ఇచ్చాడు.

"నీ నోటికి మొగమాటం లేదు గదప్పా, నువ్వే సెప్పల్ల. నువ్వు ఊ అంటేనే నీళ్లు."

"తోక సూస్తే సాలు మామా. సీలుంటే గద్ద, గుండ్రంగా ఉంటే గరుడ" అన్నాడు మునికుమార్.

చిక్కల్లా వరలక్ష్మమ్మ మొక్కుతోనే. ఆ నీళ్లు తలమీద పడేదాకా పచ్చి గంగైనా ముట్టనని కూర్చుంది. చూడబోతే చక్కెర జబ్బు మనిషి. ఎండ నెత్తికెక్కింది. గద్దలు వస్తున్నాయి, పోతున్నాయి. ప్రతిదానికీ జనం చేతులెత్తడం, మిద్దె మీదినుంచి "గద్ద" అని వినబడటం, చేతులు దించడం. ఆమె స్తంభానికి చేరగిలబడింది. కోమలి కిందినుంచి మొగుడి వైపు చూసిన చూపు సంగతి రాయకపోవడమే మేలు.

అప్పుడు ఒక పక్షి వచ్చింది. ఒళ్లంతా మట్టిరంగు. గరుడకు ఉండాల్సిన తెల్లటి తల లేదు, తెల్లటి రొమ్మూ లేదు. ఇదీ గద్దేనని జనమే తేల్చేసుకుని చేతులెత్తడం మానేశారు. మునికుమార్ తోక చూశాడు. గుండ్రంగా ఉంది. పక్షి వాలుగా తిరిగినప్పుడు మళ్లీ చూశాడు. గుండ్రమే. గరుడ పిల్లకు ఈకల రంగు తిరిగేదాకా గద్ద పోలికే ఉంటుంది. తోక మాత్రం మొదటినుంచీ గరుడదే.

"గరుడ!" అని అరిచాడు. "పిల్ల గరుడ!"

శాంతయ్య పైకి చూశాడు, సొమ్మసిల్లబోతున్న వరలక్ష్మమ్మను చూశాడు, మళ్లీ పైకి చూశాడు. ఏదో అర్థమైనట్టు అతని మొహం వికసించింది. అర్థమైంది తప్పు.

"వాడే సెప్పినాక ఇంకేముండాది! గరుడే! గోవిందా!" అన్నాడు.

వీధిలో అందరికీ అదే అర్థమైంది. గోవింద నామం మామూలు కన్నా గట్టిగా పలికింది. నీళ్లు పడ్డాయి.

మునికుమార్ దిగి వచ్చేసరికి అత్త అరుగు మీద కూర్చుని పులిహోర తింటోంది. శాంతయ్య అతని వీపు తట్టి, "ఇన్నాళ్లకు మనిషివైనావప్పా" అన్నాడు. పిల్ల గరుడల గురించి చెప్పబోతే వినకుండా వెళ్లిపోయాడు.

వరలక్ష్మమ్మ తల ఎత్తింది. కోమలి పక్కనే ఉన్నా ఆమె వైపు తిరగలేదు.

"నాయనా, ఈడ కూసో" అంది నేరుగా అతనితోనే. "నాకు కండ్లు బాగానే కనిపిస్తాయి. గద్దని పట్టుకోని గరుడంటివి. నా కోసరం దేవుని ముందర అబద్ధం సెప్పినావు గదా? ఆయనకి నేను సర్దిసెప్పుకుంటాలే."

విస్తరి తెప్పించి తనే వడ్డించింది. మునికుమార్‌కు తోక సంగతి నోటిదాకా వచ్చింది. ఆమె జవాబు కోసం చూస్తోంది.

బుద్ధెరిగాక మొదటి అబద్ధం అప్పుడు ఆడాడు.

"గద్దేనత్తా" అన్నాడు.