అక్క బిగపట్టిన ఊపిరి

మచ్చ తెల్లబడటం కాదు, ఆ తెలుపు ఎంతసేపు నిలుస్తుందన్నదే ముఖ్యమని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడు అందులో ముందేదో వెనకేదో అతనికి తెలియడం లేదు. నిలిస్తే మంచి మచ్చా? త్వరగా జారిపోతే చెడ్డదా? మంచివాటిలోనూ జారిపోయేవి ఉండవా?

అద్దానికి అవతల, ఎమ్మారై గొట్టంలోంచి రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఎడమ మడమ నిండా పగుళ్లు. అవి అక్క పాదాలు.

పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఫొటోలు తీసే అతని ఉద్యోగమంతా మూడు మాటలే. ఊపిరి తీసుకోండి, బిగపట్టండి, వదలండి. ఆస్పత్రిలో అందరికీ ఊపిరాయన. "ఊపిరాయన సెలవు పెడితే మనమంతా ఏమైపోవాలి" అని నర్సు రోజూ అంటుంది, అతను రోజూ నవ్వుతాడు. ఇంట్లో భార్య ఏదైనా అడిగితే జవాబుకు ముందు కాసేపు ఆగుతాడు. మైకు మీట నొక్కే అలవాటు.

పొద్దున అక్క వచ్చి నీలం ట్రేలో గాజులు, గొలుసు, వాచీ పెట్టింది.

"జడపిన్నులు కూడా తియ్యాలా? దెయ్యంలా ఉంటాన్రా."

"ఇనుము ఉండకూడదక్కా."

"సర్లే, నా అందం నీకు కొత్తా." పిన్నులు ఒక్కొక్కటే లాగి పడేసింది. తర్వాత గొంతు తగ్గించింది. "లివర్లో ఆ మచ్చ మంచిదో చెడ్డదో ఇవాళ తేలిపోతుందిగా? సూది గుచ్చి ముక్క తియ్యడాలూ అవీ వద్దురా. పన్ను పీకితేనే రెండు రోజులు నెత్తురాగలేదు."

"తేలుతుంది."

"ఊపిరి సంగతి నాకొదిలెయ్. నువ్వు చెప్పేదాకా వదల్ను."

చిన్నప్పుడూ అంతే. నీళ్ల బకెట్లో ముఖం ముంచితే, అతను చాలు అనేదాకా ఎత్తేది కాదు. ఒక్కోసారి అతను కావాలనే ఆలస్యం చేసేవాడు.

మచ్చను తెల్లగా చూపే మందు నరంలోకి వెళ్లింది. "బిగపట్టక్కా" అన్నాడు. మొదటి ఫొటోలో, బూడిదరంగు కాలేయం మధ్య, బఠాణీ గింజంత మచ్చ ఒక్కసారిగా తెల్లబడింది. రెండో ఫొటోలో ఆ తెలుపు ఉంటుందా, పోతుందా? తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. రెండోదానికి మీట నొక్కాక గాని గుర్తురాలేదు, వదలమని చెప్పనే లేదని. అప్పటికి ముప్పావు నిమిషంగా అక్క బిగపట్టే ఉంది. ఫొటో సగంలో పాదాలు ఎగిరిపడ్డాయి. దగ్గు. తెరమీద కాలేయం అలలు అలలుగా చెదిరిపోయింది. మచ్చ ఎక్కడుందో కూడా తెలియలేదు. దగ్గు తగ్గక మూడోదీ అలాగే వచ్చింది. ఆ మందు మళ్లీ ఇవాళే ఎక్కించడానికి లేదు.

అక్క బయటికొచ్చి తల వంచుకుంది. "నేనే చెడగొట్టానా? చాలాసేపు పట్టాన్రా. ఇక నావల్ల కాలేదు."

"బాగానే పట్టావు."

"ఇంతకీ ఏం కనిపించింది?"

"డాక్టరమ్మ చెప్పాలి."

గాజులు తొడుక్కుని, జుట్టు చేత్తోనే ముడేసుకుని, బస్సు వెళ్లిపోతుందంటూ వెళ్లిపోయింది.

ఫారంలో ఒక గడి ఉంది: రోగి ఊపిరి బిగపట్టలేదు. చెదిరిన ప్రతి ఫొటోకీ అందులో టిక్కు పెట్టడం అక్కడి రివాజు. అలవాటుగా చెయ్యి టిక్కు పెట్టేసింది కూడా. ఆ టిక్కు చూస్తే డాక్టరమ్మ మళ్లీ ఫొటో అడగదు. నేరుగా ముక్క తియ్యమని రాస్తుంది. పోనీ, దాంతోనైనా తేలిపోతుంది కదా? ఈ ఆలోచన అక్క కోసమా, తన కోసమా? ఇన్నేళ్ల టిక్కుల్లో తన తప్పులెన్ని? ఆనాడు బకెట్ దగ్గర ఆలస్యం చేస్తూ తను ఏం చూద్దామనుకున్నాడో కూడా అతనికి ఇప్పటికీ తెలియదు.

టిక్కు మీద అడ్డంగా గీత గీశాడు. పక్కన రాశాడు: రోగి బిగపట్టింది. వదలమని నేను చెప్పలేదు. ఇంకో రోజు మళ్లీ తీయాలి. సంతకం చేసి, కాగితం డాక్టరమ్మ బల్ల మీద పెట్టి వచ్చాడు.

నీలం ట్రే అడుగున ఒక జడపిన్ను మిగిలిపోయింది. పంటితో విప్పీ విప్పీ దాని కొసన నల్లరంగు ఊడి, లోపలి ఇనుము తెల్లగా కనిపిస్తోంది.