పోటు దిగేదాకా

టీచరమ్మ మాట ఇంట్లో ఎవరూ వినిపించుకోక ఏడాది దాటింది. ముప్పై రెండేళ్ళు భూగోళం పాఠాలు చెప్పిన గొంతు అది. రిటైరైన మర్నాటి నుంచీ దానికి పని లేకుండా పోయింది. పోస్టాఫీసులో చేసి రిటైరైన భర్తకి వాన ఎందుకు పడుతుందో చెప్పబోతే, గొడుగెక్కడుందో చెబితే చాలన్నాడు. కోడలు మంచి పిల్లే, వింటుంది, కాకపోతే వింటూ వింటూ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అందుకే ఊరు చూడ్డానికొచ్చే యాత్రికులకి గైడుగా పనిచేస్తానని ఆవిడ దరఖాస్తు పెట్టుకుంది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో నీ పాఠాలు వినడానికి డబ్బులిచ్చి మరీ ఎవరొస్తారని భర్త నవ్వాడు. ఆయన నవ్వింది సరదాకే. ఆవిడకి మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

రాత పరీక్షలో ఆవిడదే మొదటి స్థానం. మిగిలింది తిరుగుడు పరీక్ష. పదిమందికి తగ్గకుండా యాత్రికుల్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరంతా తిప్పి చూపించాలి. పర్యాటక శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ అట్టా, పెన్నూ పట్టుకుని వెంట నడుస్తుంది. పాసైతే మెళ్ళో వేసుకునే బిళ్ళ ఇస్తారు. ఫెయిలైతే ఇంకొక్క అవకాశం ఉంది గానీ అది పేరుకే. వారంలోగా మళ్ళీ పరీక్షకి రావాలి, ఈసారి ఆ పదిమందినీ తనే కూడగట్టుకోవాలి. ఫెయిలైన గైడు వెనకాల ఏ పదిమంది నడుస్తారు? అలా రెండోసారి పరీక్షకి వచ్చినవాళ్ళు ఇప్పటిదాకా లేరని ఆఫీసులో గుమాస్తా చాలా ఉత్సాహంగా చెప్పాడు.

ఆ మంగళవారం పరీక్షకి దొరికింది ఒకే కుటుంబం, సరిగ్గా పదిమంది. మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ, ఆవిడ ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, కూతురు, అల్లుడు, మొన్నీమధ్యే పెళ్ళైన మనవరాలు, దాని మొగుడు, ఎనిమిదేళ్ళ చిన్న మనవరాలు. వీళ్ళందరి మీదా పెత్తనం మాత్రం అల్లుడిదే. ఈ ఊళ్ళో చూడవలసినవి, చేయవలసినవి అంటూ ఇరవై రెండు అంశాలు ముందే ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. ఒక చోట దిగడం, ఫోటో తీసుకోవడం, టిక్కు పెట్టడం, పదండి పదండి అనడం, ఇదీ ఆయన విహారం. కొత్త పెళ్ళికూతురు ఆయనకి లిస్టు మామయ్య అని పేరు పెట్టింది. ఆయన లేనప్పుడు అత్తగారు కూడా అలాగే అనేది.

పొద్దున అంతా నల్లేరు మీద నడకలా సాగింది. చేపల రేవులో వేలంపాట చూశారు, పాత కోట గోడ ఎక్కారు, కోట ఫిరంగి మీద చిన్నదాన్ని కూర్చోబెట్టి ఫోటో తీశారు. ఆఫీసరమ్మ పెన్ను చకచకా కదలడం టీచరమ్మ ఓరకంట గమనిస్తూనే ఉంది. పదకొండున్నరకి లైట్‌హౌస్ తిప్ప చేరారు. ఒడ్డు నుంచి మూడొందల అడుగుల రాతి బాట సముద్రంలోకి వెళ్తుంది, దాని చివర నల్లరాళ్ళ తిప్ప, తిప్ప మీద లైట్‌హౌస్. పోటు వచ్చిందంటే బాట నీళ్ళలో మునిగిపోతుంది. ఆ రోజు ఒంటిగంటకి మునిగి అయిదున్నరకి తేలుతుందని పట్టికలో ఉంది. టీచరమ్మ రాత్రే చూసుకుంది, పొద్దున మళ్ళీ చూసుకుంది, అందరికీ రెండుసార్లు చెప్పింది కూడా.

ఇన్ని తెలిసిన మనిషి ఎలా మునిగిందంటారా? పాఠం చెప్పి మునిగింది. తిప్ప మీద నల్లరాతిలో తెల్లటి చారలుంటాయి. అవి ఎలా వచ్చాయని చిన్నది అడిగింది. అంతే, ఏడాదిగా మూతపడ్డ ఆనకట్ట తలుపులు ఎత్తేసినట్టయింది. భూమి కడుపులో రాయి కరగడం దగ్గర మొదలుపెట్టి, అది పైకి పొంగడం, చల్లబడడం, పగుళ్ళివ్వడం, ఆ పగుళ్ళలోకి ఇంకో రాయి ఎక్కడం దాకా వచ్చింది. ముప్పై రెండేళ్ళూ ఆవిడ పాఠాన్ని ఆపింది గంటే గానీ ఆవిడ కాదు. గంట కొట్టేదాకా చెప్పడమే అలవాటు. తిప్ప మీద గంటెవరు కొడతారు? చివరికి పెద్ద కోడలు, అమ్మా, బాట కనబడడం లేదేమిటి అంది. టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది. వాచీ చూసుకుంది. టైము ఒంటిగంటా ఇరవై.

లిస్టు మామయ్య పెద్దగా అరవలేదు, అరిచినా బాగుండేది. కాగితం తీసి, పోయినవాటిని ఒక్కొక్కటీ చదివాడు. భోజనం బుక్ చేసిన హోటలు, చేపల మ్యూజియం, పూలతోట, బోట్ల క్లబ్బు, సంతవీధి. నాలుగు గంటలు రాళ్ళ మీద కూర్చోవడానికా ఇంత దూరం వచ్చిందని అడిగాడు. టీచరమ్మ తప్పు నాదేనంది. ఇంకేం అనడానికీ నోరు రాలేదు. ఆఫీసరమ్మ అట్ట మీద ఏదో రాసి, తలెత్తకుండా పేజీ తిప్పింది. టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. భర్త నవ్వు చెవిలో వినబడింది. పోయి లైట్‌హౌస్ గోడ నీడలో, అందరికీ దూరంగా కూర్చుంది. ఇక ఈ జన్మకి నోరు తెరవకూడదనుకుంది.

ఆ తిప్ప మీద సంతోషంగా ఉన్నది లైట్‌హౌస్ కాపలాదారు ఒక్కడే. ఆరేళ్ళయిందట ఇలా ఎవరైనా చిక్కుకుపోయి. ఉన్న నాలుగు గ్లాసులూ కడిగి వంతులవారీగా టీ పోశాడు, బిస్కెట్ల డబ్బా తెచ్చాడు, అరటిపళ్ళ గెలే దింపాడు. పెద్దావిడ మోకాళ్ళకి దిండు వేశాడు. కడుపులో ఏదో పడ్డాక పెద్దావిడ గొంతు సవరించుకుని టీచరమ్మని పిలిచింది.

"ఏమ్మా, ఆ తెల్లరాయి పగుళ్ళలోకి ఎక్కిందన్నావు. తర్వాతేమైంది?"

టీచరమ్మ ఎగతాళేమోనని చూసింది. కాదు, పెద్దావిడకి నిజంగానే కావాలి. సగంలో ఆగిన పాఠం ఆవిడకి పళ్ళలో పీచులా ఇబ్బందిగా ఉందట. టీచరమ్మ నెమ్మదిగా, బెదురుతూ మొదలుపెట్టింది. చెప్పడం అయ్యేసరికి చిన్న కొడుకూ కొత్త దంపతులూ వచ్చి కూర్చున్నారు. అప్పుడు ఆవిడకి పాత బుద్ధి తిరిగొచ్చింది. బళ్ళో చేసినట్టే పని పంచింది. రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచిన గుంటలున్నాయి, మనిషికొక గుంట, అరగంట కదలకుండా చూసి ఏం కనబడిందో వచ్చి చెప్పాలి. లిస్టు మామయ్యకీ ఒకటిచ్చింది, ఎక్కువగా ఆయన నోరు ఆగుతుందనే.

ఆయన పదినిమిషాలు విసుక్కుంటూ చూశాడు. తర్వాత చప్పుడు లేదు. ఇంకాసేపటికి అక్కడి నుంచి చెయ్యి ఊపుతూ, మాట్లాడొద్దని సైగ చేస్తూ అందర్నీ పిలిచాడు. ఆయన గుంటలో గోలీకాయంత పీత ఒకటి ఇల్లు మారుతోంది. పాత గవ్వ ఇరుకైందేమో, పక్కనే ఖాళీగా ఉన్న పెద్ద గవ్వని ముందు కాళ్ళతో తడిమి చూసింది, లోపల కొలిచింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. మా అత్తగారు చీర కొన్నట్టే ఉందని ఆయన గుసగుసలాడితే అత్తగారు నెత్తి మీద ఒక్కటిచ్చింది. చివరికి పీత చటుక్కున పాత గవ్వలోంచి బయటపడి కొత్తదాంట్లోకి దూరింది. రెప్పపాటు. ఆ రెప్పపాటులో దాని మెత్తటి, గులాబీ రంగు ఒళ్ళు పదిమందీ చూశారు. ఫోటో తియ్యడం ఎవరికీ గుర్తురాలేదు.

తర్వాత కాపలాదారు మెట్లెక్కనిచ్చాడు. పైనుంచి ఊరంతా ఒకేసారి కనబడింది. టీచరమ్మ వేలుపెట్టి చూపిస్తుంటే, అదిగో పూలతోట, అదిగో సంతవీధి రేకులు, అదిగో బోట్ల క్లబ్బు అని లిస్టు మామయ్య టకటకా టిక్కులు పెట్టేశాడు. ఇది అన్యాయం మామయ్యా అని కొత్త పెళ్ళికూతురు కాగితం లాక్కోబోయింది. చూడవలసినవి అని రాసుంది, చూశాను కదా, దగ్గర నుంచే చూడాలని ఎక్కడుంది అని ఆయన వాదన. కింద కూర్చున్న పెద్దావిడకి ఆ నవ్వులు వినబడి, నన్నొదిలేసి ఏమిటర్రా అని కేకేసింది. ఎండ తగ్గింది. రాళ్ళ సందుల్లోకి అల దూరినప్పుడల్లా లోపలి గాలి హూ అని మూలుగుతుంటే, చిన్నది దానికి తిరిగి హూ అని జవాబు చెబుతూ తిప్పంతా తిరిగింది. ఆ నాలుగు గంటల్లో టీచరమ్మ ఎన్నిసార్లు నవ్విందో ఆవిడకే తెలీదు. పరీక్ష పోయిందన్న సంగతి మధ్య మధ్య గుర్తొచ్చి కలుక్కుమంటూనే ఉంది.

అయిదున్నరకి బాట తేలింది. అందరూ చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఆఫీసరమ్మ టీచరమ్మని పక్కకి పిలిచింది. కూతురి వయసు పిల్ల, మొహం చిన్నబుచ్చుకుని ఉంది.

"టీచర్‌గారూ, ఇవాళ నాకు చాలా బాగుంది. కానీ పోటు టైము దాటించిన గైడుని పాస్ చేయకూడదు. రేపు ఇంకెవరైనా మునిగితే..."

"ఫెయిలని రాయమ్మా," అంది టీచరమ్మ. "నేనైనా అదే రాసేదాన్ని."

ఎన్ని వందల మంది పిల్లల కాగితాల మీద ఆ మాట రాసిందో, రాసి ఎంత హాయిగా భోంచేసి పడుకుందో గుర్తొచ్చింది. ఆ పిల్లలందరి మీదా ఒక్కసారిగా జాలి పుట్టింది. కళ్ళు తుడుచుకుంది.

పక్కకి పిలిచారన్న మాటే గానీ తిప్ప మీద గుట్టెక్కడ దాగుతుంది? పెద్దావిడ వచ్చి సంగతేమిటని నిలదీసింది. ఆఫీసరమ్మ నిబంధన చెప్పింది. వారంలోగా, తనే కూడగట్టుకున్న పదిమందితో వస్తే మళ్ళీ పరీక్ష పెడతారు, దారి మాత్రం ఇదే, రేవు, కోట, తిప్ప, అన్నీ మొదట్నుంచీ. మేం శుక్రవారం దాకా ఉంటాం, గురువారం మేమే వస్తామంది పెద్దావిడ, కొడుకుల వైపైనా చూడకుండా. కొడుకులు, కోడళ్ళు సరేనన్నారు. అందరి చూపులూ లిస్టు మామయ్య మీదికి తిరిగాయి. ఆయన లేకపోతే లెక్క తొమ్మిదే. గురువారం దూరపు దీవులకి పెద్ద బోటు ప్రయాణం, ఆర్నెల్ల ముందు టిక్కెట్లు తీసింది ఆయనే. పైగా చూసిన చోటికి రెండోసారి వెళ్ళడమంటే ఆయనకి చదివేసిన పేపరు మళ్ళీ కొనడం లాంటిది. తన పెళ్ళి జరిగిన ఊరికి కూడా మళ్ళీ వెళ్ళలేదని భార్య ఎప్పుడూ దెప్పుతుంది.

ఆయన కాగితం తీశాడు. చాలాసేపు చూసుకున్నాడు. టీచరమ్మ వద్దు బాబూ అనబోయింది. ఆయన కాగితాన్ని తిరగేసి, ఆఫీసరమ్మ చేతిలోంచి పెన్ను తీసుకుని, వెనకవైపు తెల్లగా ఉన్నచోట తన పేరు రాశాడు. దాని కింద మిగతా తొమ్మిదీ వరసగా రాసి ఆఫీసరమ్మకిచ్చాడు.

"గురువారం పోటు ఎన్నింటికో ఇప్పుడే చెప్పండి టీచర్‌గారూ," అన్నాడు. "ఈసారి బయల్దేరదీసే పూచీ నాది."

టీచరమ్మకి మాట రాలేదు. జీవితంలో ఇలా అవడం ఇది రెండోసారి, రెండూ ఒకరోజే. మూడొందల అడుగులూ వెనక్కి తిరిగి తిరిగి తలలు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ప్రతిసారీ పదీ ఉన్నాయి.

ఒడ్డుకి చేరాక ఫోన్ మోగింది. భర్త. మధ్యాహ్నం నుంచి అయిదుసార్లు చేశాడట, తిప్ప మీద సిగ్నల్ లేదు. గొంతులో కంగారు. పాసయ్యావా అని అడగడానికి భయపడి, భోంచేశావా అని అడిగాడు.

"ఫెయిలయ్యానండీ," అంది టీచరమ్మ నవ్వుతూ. "శుభ్రంగా ఫెయిలయ్యాను."

అవతల ఆయన, పోనీలే, ఇంటికొచ్చెయ్, వాన ఎందుకు పడుతుందో చెబుదువుగాని, వింటాను అన్నాడు.

"ఇవాళ తీరదు," అంది ఆవిడ. "గురువారానికి పదిమంది వస్తున్నారు నా పాఠం వినడానికి. సిద్ధం కావాలి."