అల్లుడు కొన్న ఏడు వందల ఓట్లు

ఆదివారం సాయంత్రం ఆరింటికి పోటీ ముగుస్తుంది. నాలుగున్నరకి నా వల రెండో స్థానంలో ఉంది. మొదటిది పక్కింటి సంపూర్ణమ్మ అల్లిన లేసు.

నేను చేతివల అల్లుతుంటే మా అమ్మాయి రెబెక్కా వీడియో తీసి చేతిపనుల పోటీలు పెట్టే ఓ యాప్‌లో పెట్టింది. నచ్చినవాళ్లు ఓటేస్తారు. యాప్‌వాళ్లు వారానికింత సొమ్మని పెట్టి, ఓట్లను బట్టి అందరికీ పంచుతారు. ఒకరికి ఎక్కువ పడితే మిగతావాళ్లకి ఆ మేరకు తగ్గుతుంది. మొదట వచ్చినవాళ్ల పనిని వారమంతా అందరికీ చూపిస్తారు. నాకు కావలసింది అదే. యాభై ఏళ్లుగా అల్లుతున్నాను. ఊరు దాటి ఎవరూ చూడలేదు.

“అన్నయ్యగారూ, మీ వలలోంచి చేపలే జారిపోతాయండి. నా లేసులో చీమ కూడా దూరదు!” అంది సంపూర్ణమ్మ గోడ అవతలి నుంచి.

“ఆరు కానివ్వు చెల్లెమ్మా,” అన్నాను.

ఐదుంపావుకి రెబెక్కా కేక పెట్టింది. “నాన్నా! తొమ్మిది వందల పన్నెండు! మనమే ఫస్ట్!”

దిగ్గున లేచాను. ఒళ్లో వల కింద పడింది.

మా చర్చిలో కోత పండుగనాడు కానుకలిచ్చినవాళ్ల పేర్లు పైకి చదువుతారు. ఇచ్చినవాళ్లకి పేరుపేరునా వందనం చెప్పాలి. “పేర్లు చదువమ్మా,” అన్నాను.

“అబ్బులు.”

“వందనాలు.”

“దేవకుమారి.”

“వందనాలు.”

అలా రెండు వందల పైచిలుకు అయ్యాక రెబెక్కా గొంతు తగ్గింది. “కె ఏడు వేల ఒకటి. కె ఏడు వేల రెండు. కె ఏడు వేల మూడు…”

“ఎవరి పిల్లలమ్మా వీళ్లు?”

“ఏమో నాన్నా. అన్నీ ఒకే నిమిషంలో పడ్డాయి.”

అల్లుడు సుకుమార్ చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“ఆగు అల్లుడూ.”

“కొన్నానండి మావయ్యగారూ. ఏడు వందలు. మనుషులు కాదండి, మెషీన్లు వేస్తాయి. అందరూ కొంటున్నారండి. మీరు గెలవాలని…”

“మెషీన్‌కి వందనం ఎలా చెప్పను?”

గోడ అవతలి నుంచి సంపూర్ణమ్మ తొంగి చూసింది.

“తీసెయ్యమ్మా,” అన్నాను.

“ఓట్లు తియ్యడం కుదరదు. వీడియోనే తీసెయ్యాలి. నిజం ఓట్లూ పోతాయి నాన్నా!”

“పోనీ. మళ్లీ పెట్టు. ఇంకా అరగంట ఉంది.”

అప్పుడు చూడాలి మా ఇల్లు! రెబెక్కా అందరికీ ఫోన్లు. సుకుమార్ బండేసుకుని వీధివీధీ తిరిగి అరిచాడు. రోజుకి పది మాటలాడని నేను గేటు దగ్గర నిలబడి, దారిన పోయే ప్రతివాడినీ ఆపాను. సంపూర్ణమ్మ ఫోను ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

“నా ఓటు మీకే అన్నయ్యగారూ!”

“నాది నీకే చెల్లెమ్మా!”

ఆరయింది. ఆమెకి రెండు వందల ముప్పై ఒకటి. నాకు ఎనభై నాలుగు. ఈ వారమంతా జనం చూసేది ఆమె లేసే.

“పేర్లు చదువమ్మా,” అన్నాను. ఎనభై మూడు మందికి వందనాలు చెప్పాను. ఆఖరి పేరు దగ్గర రెబెక్కా ఆగింది.

“సుకుమార్. ఒక్కటే ఓటు.”

అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా.

“వందనాలు అల్లుడూ,” అన్నాను.