వంకర జేబు

పదకొండేళ్లుగా చొక్కాలకు జేబులు మాత్రమే కుడుతుండటంతో ఫ్యాక్టరీలో అందరూ ఆమెను జేబులక్క అనేవారు. ఆ సోమవారం కొత్త ఆర్డరు శాంపిల్ చొక్కా చేతికి రాగానే ఆమె చూపు జేబు మీదే పడింది. కుడి మూల పావంగుళం కిందికి జారి ఉంది.

“సార్, ఇది వంకరగా ఉంది,” అని సూపర్‌వైజరుకు చూపించింది.

“కొనేవాళ్లు పంపిన శాంపిలమ్మా అది. మనకెందుకు? ఉన్నది ఉన్నట్టు దించెయ్.”

ఆమెకు చేతులు రాలేదు. మధ్యాహ్నానికి మూడు వందల జేబులు తిన్నగా కుట్టింది. చెకింగ్ బల్ల దగ్గర శాంపిల్ పక్కన పెట్టి చూసి మూడు వందలూ వెనక్కి కొట్టారు.

“ఎందుకక్కా కోరి తలనొప్పి తెచ్చుకుంటావు? తొడుక్కునేవాడికి లేని బాధ నీకేంటి?” అంది పక్క మిషన్ మీద కాలర్లు కుట్టే తోటికోడలు.

“తొడుక్కునేవాడు తిట్టేది కుట్టినదాన్నే.”

కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టింది. తిన్నగా కుట్టడం కంటే వంకరగా కుట్టడమే కష్టమైంది. చెయ్యి దానంతటదే సర్దేసేది. సుద్దతో గీత గీసుకుని మరీ తప్పు కుట్టాల్సి వచ్చింది.

గురువారం కొనే కంపెనీ తరఫున ఒకావిడ తనిఖీకి వచ్చింది. అప్పటికి పన్నెండు వందల చొక్కాలు తయారయ్యాయి.

“జేబులన్నీ ఇలా ఏడ్చాయేంటి?”

సూపర్‌వైజరు శాంపిల్ చూపించాడు.

“ఇది రంగు చూసుకోవడానికి హడావిడిగా కుట్టించి పంపింది. కొలతల కాగితం చదవలేదా?”

ఆవిడ వెళ్లగానే అతను జేబులక్క మీద పడ్డాడు. “ఇన్నేళ్ల అనుభవం ఉంది. ఈమాత్రం చెప్పొద్దా?”

“చెప్పాను సార్.”

“గట్టిగా చెప్పాలి.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పొరపాట్లు రాసే రిజిస్టరులో అతను అప్పటికే ‘జేబు మిషన్ పొరపాటు’ అని రాసేశాడు. పెన్ను అడిగి తీసుకుని దాని కిందే, ‘సోమవారం పొద్దునే చెప్పాను. వినలేదు’ అని రాసి సంతకం పెట్టింది. తోటికోడలు లేచి వచ్చి తనూ సంతకం పెట్టింది.

పన్నెండు వందల జేబులు విప్పడానికి రెండు రోజులు పట్టింది. రెండుసార్లు విప్పిన ఆ మొదటి మూడు వందల చొక్కాల్లో సూది బెజ్జాలు పైకి కనబడుతుంటే పక్కన పడేశారు.

ఆ తర్వాతి సోమవారం ఆమెను దారప్పోగులు కత్తిరించే బల్లకు మార్చారు. రోజంతా నిలబడే పని.

“కాళ్లు లాగుతున్నాయా అక్కా?” అంది తోటికోడలు, ఇంటికి నడుస్తూ.

“కాళ్లు కాదే. చేతులు, మిషన్ వైపు.”