వడ్రంగి మర్చిపోయిన గొడుగు

ఆ ఇంట్లోకి ఎవరొచ్చినా ముందు పొట్ట లోపలికి లాక్కోవాలి. తలుపు తెరవగానే ఎదురుగా గోడ, కుడిపక్క చెప్పుల స్టాండు, దాని నెత్తిన కరెంటు మీటరు, ఎడమపక్క గొడుగులు పెట్టుకునే పొడుగాటి రేకు డబ్బా. మిగిలిన జాగాలో ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడొచ్చు. ఇద్దరైతే ఒకరు పెద్దమనసు చేసుకుని వెనక్కి వెళ్ళాలి.

పొద్దున్నే ముందు తమ్ముడు బయటపడతాడు, సిటీ బస్సు డ్రైవరు. వెనకాలే అతని భార్య, రెయిన్‌కోట్లు కుట్టే వర్క్‌షాపులో పని. అక్క మాత్రం ఇంట్లోనే ఉంటుంది. గుమ్మానికి ఆనుకునే ఉన్న బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోళ్ళ షాపువాళ్ళు పంపిన ఫ్రేములకి అద్దాలు పెట్టి, చిన్న చిన్న స్క్రూలు బిగించి, సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చొస్తుంది. ఆవిడకి నలభై దగ్గరపడుతున్నాయి, పెళ్ళి కాలేదు. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి చదివించి, ఉద్యోగంలో పెట్టి, పెళ్ళి చేసేసరికి తన సంగతి వెనకబడిపోయింది. ఆ విషయం ఆవిడా ఎత్తలేదు, ఎవరూ అడగనూ లేదు. అడగాల్సిన మాటల్ని తప్పించుకు తిరగడంలో అయినవాళ్ళని మించినవాళ్ళు ఉండరు.

రేకు డబ్బాలో ఉన్న గొడుగుల్లో తమ్ముడిది పెద్ద నల్లది, మరదలిది మడతపెట్టే పూలది, అక్కది మెరూన్‌ది. ఇంకోటి వాళ్ళది కాదు. బూడిదరంగు గుడ్డ, వంకీ తిరిగిన చెక్క పిడి. ఆరేళ్ళ కిందట వానకి ఉబ్బి నేలకి రాసుకుంటున్న వీధితలుపుని చిత్రిక పట్టడానికి వచ్చిన వడ్రంగిది. వచ్చేటప్పుడు వాన, వెళ్ళేటప్పుడు ఎండ. ఎండలో గొడుగు గుర్తుండే మగవాడు ఇంకా పుట్టలేదు. పని అయ్యాక అతను తలుపుని ఒక్క వేలితో తోసి చూపించి, "ఇక చంటిపిల్ల తోసినా తెరుచుకుంటుందండీ" అన్నాడు. ఆ వేలూ, ఆ మాటా అక్కకి ఇప్పటికీ గుర్తే.

మర్చిపోయిన గొడుగు సంగతి అందరికీ తెలిసిందే కదా. అసలు మనిషి ఎక్కడ తడిసినా, ఇక్కడ గొడుగు తడుస్తుంది. అందుకే ఎవరైనా గొడుగు వదిలి వెళ్తే మర్నాడే తిరిగి ఇచ్చేస్తారు, లేదా వీధి చివర పారేస్తారు. పరాయివాళ్ళ వానని మనింట్లో ఎవరు తుడుస్తూ కూర్చుంటారు? అక్క కూడా ఇచ్చేద్దామనే చూసింది. కలప అడితిలో అడిగితే ఆ వడ్రంగి ఊరికి అవతలి వైపు మారిపోయాడన్నారు, ఎక్కడో తెలీదన్నారు. గొడుగు కోసం తనే వస్తాడులే అనుకుంది. రాలేదు.

రోజంతా అద్దాలు తుడిచే మనిషి, తడి కనబడితే చెయ్యి ఊరుకోదు. రేకు డబ్బాలో టపటపమని చప్పుడు కాగానే లేచి, బూడిదరంగు గొడుగు తీసి, విప్పి గుమ్మం లోపల ఆరేసేది. విప్పిన కాసేపటికే కారడం ఆగిపోయేది. గాలి తగిలింది కదా, ఆరిందనుకునేది.

"మళ్ళీ తడిశావా? ఇంకో గొడుగు కొనుక్కోలేవూ?" అని గొడుగు మొహం చూస్తూ అతన్ని మందలించేది కూడా. అతను ఏ వేళకి పనికి వెళ్తాడో, ఏ వేళకి ఇల్లు చేరతాడో ఆ చప్పుడుని బట్టి ఆవిడకి తెలిసిపోయేది. ఇంట్లో ఇంకే వస్తువూ అంతలా ఆవిడ చేతికోసం చూసేది కాదు. ఆ మనిషంటే ఆవిడకి ఇష్టం ఏర్పడింది. చూసింది ఒక్క పూటే అయినా ఏర్పడింది, అంతే.

ఇబ్బందల్లా ఒకటే. విప్పిన గొడుగు గుమ్మంలో ఉంటే ఇంక ఎవరూ లోపలికి రాలేరు. ఒక సాయంత్రం తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి, మెట్లమీద నిలబడి తలుపు సందులోంచి లోపలికి చూశాడు.

"వదినా, మన గొడుగులకే దిక్కు లేదు, ఊళ్ళోవాళ్ళ గొడుగుకి ఈ మర్యాదలేంటి?" అంది మరదలు లోపల్నుంచి.

"ఆరగానే మడిచేస్తా అమ్మాయ్, ఎంతసేపు!"

"అది ఆరేలోపు మీ తమ్ముడు బయట నానుతున్నాడు."

"ఇల్లు ఇరకటం..." అని మొదలుపెట్టి, పెళ్ళాం మొహం చూసి, సామెతలో రెండో సగం మింగేశాడు తమ్ముడు.

మరదలు చెడ్డదేం కాదు. చేతిలో పనున్న మనిషి, చెదిరి ఉన్నదేదీ చూస్తూ ఊరుకోలేదు. ఆ వారమే వర్క్‌షాపులో మిగిలిన రెయిన్‌కోటు గుడ్డ ముక్కలు తెచ్చి, అన్ని గొడుగులకీ ఒకే కొలతలో నీలం తొడుగులు కుట్టింది. పిడి బయటికి ఉండేలా మూతికి నాడా పెట్టింది. గోడకి వరసగా కొక్కేలు కొట్టించి, తొడుగులు వేసిన గొడుగుల్ని తగిలించింది. రేకు డబ్బా బాల్కనీలోకి పోయింది.

"ఇక ఒక్క చుక్క నేలమీద పడితే నా పేరు మార్చుకుంటాను!" అని సవాలు చేసింది.

గుమ్మం నిజంగానే పెద్దదైనట్టు కనిపించింది. తమ్ముడు రెండు చేతులూ చాపి, గోడలకి తగలకుండా ఒక చుట్టు తిరిగి చూశాడు. "బాగుందమ్మాయ్" అంది అక్క కూడా. మనసులో మాత్రం, ఈ ఇల్లు ఇప్పుడు వాళ్ళిద్దరిదీ, తనకి మిగిలింది గోడమీద కొక్కెమంత అనిపించింది. గొడుగు కోసం కొత్తకోడలితో తగువేం పెట్టుకుంటుంది?

అసలు వానాకాలం మొదలైంది. అక్క స్క్రూలు బిగిస్తూ చెవి గుమ్మం వైపు పెట్టి కూర్చునేది. చప్పుడు లేదు. బయట కుండపోత, లోపల చుక్క లేదు. లేచి వెళ్ళి నీలం తొడుగు మీద చెయ్యి వేసి చూసేది. పొడిగా ఉండేది. ఊరు వదిలి వెళ్ళిపోయాడా? మంచాన పడ్డాడా? ఆ తర్వాతి ఆలోచన రాకముందే వెళ్ళి కుర్చీలో కూర్చునేది. నాడా ముడి విప్పి చూడొచ్చు. చెయ్యి ముడి దాకా వెళ్ళేది, వెనక్కి వచ్చేసేది. లోపల కూడా పొడిగానే ఉంటే ఇక ఆశ పెట్టుకోవడానికి ఏమీ మిగలదు. పోనీ మనసు విప్పి చెప్పుకుందామన్నా, ఎవరని చెప్పుకుంటుంది? తలుపు బాగుచేసి వెళ్ళిన మనిషనా? అన్నం తినడం తగ్గించేసింది. మరదలు రెండుసార్లు అడిగితే పంటినొప్పి అంది.

తమ్ముడికి సెలవైన ఒకరోజు సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. తలుపు మళ్ళీ ఉబ్బి బిగుసుకుపోయింది. మరదలు లోపల్నుంచి లాగింది, అవతలి మనిషి భుజంతో తోశాడు. తెరుచుకుంది. జుట్టు నుంచి చెప్పుల దాకా నీళ్ళు కారుతూ ఒకతను నిలబడి ఉన్నాడు. కణతల దగ్గర నెరిసింది, కానీ అక్క మరదలి భుజం మీదుగా చూసి వెంటనే పోల్చుకుంది. చేతిలో ఉన్న ఫ్రేము బల్ల మీద పెట్టేసింది.

"ఆరేళ్ళ కిందట ఇక్కడ గొడుగు మర్చిపోయానండీ. ఉందా?"

"ఆరేళ్ళకి గుర్తొచ్చిందా?" అంది మరదలు.

"అవసరం పడలేదండీ. వాన నన్ను పెద్దగా పట్టించుకునేది కాదు. నాలుగు చినుకులు పడేవి, ఆగిపోయేవి. పక్కవాళ్ళు తడిసేవాళ్ళు, నేను తడిసేవాణ్ణి కాదు. నా ఒంటి తత్వమే అంతేమో అనుకున్నా. ఈ ఏడాది ఏం పాపం చేశానో, బయట కాలు పెడితే ముద్దయిపోతున్నాను. జ్వరం కూడా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, గొడుగనేది ఒకటుంటుందని."

మరదలు చెయ్యెత్తి కొక్కెం మీద గొడుగు తియ్యబోయింది. కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని దించేసరికి గోడలోంచి కొక్కెం కూడా ఊడొచ్చింది. నాడా విప్పింది. రెయిన్‌కోటు గుడ్డ, వానని లోపలికి రానివ్వదు, లోపలిదాన్ని బయటికీ పోనివ్వదు. ఆ ఏడాది వానంతా భళ్ళున గుమ్మంలో పడింది. చెప్పులన్నీ తేలాయి.

"కొత్త పేరు ఏం పెట్టుకుంటావు?" అన్నాడు తమ్ముడు మంచమెక్కి కాళ్ళు ముడుచుకుంటూ.

అక్క నీళ్ళలోనే నడుచుకుంటూ ముందుకొచ్చింది.

"చప్పుడు కాగానే విప్పి ఇక్కడ ఆరేసేదాన్ని. ఇన్నేళ్ళూ ఆరేశాను. ఈ ఏడాదే కుదరలేదు."

వడ్రంగి కాళ్ళ కింది నీళ్ళ వైపూ, ఆవిడ చేతుల వైపూ చూశాడు. పరాయివాళ్ళ గొడుగుని విప్పి పెట్టిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు కాబట్టి, విప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. అది ఆ గుమ్మంలో, మడమల్లోతు నీళ్ళలో, వాళ్ళిద్దరికీ ఒకేసారి తెలిసింది.

"అయితే మీరేనన్నమాట" అన్నాడు.

"మీకు జ్వరం తగ్గిందా?" అంది అక్క. అడగాలనుకున్నవి బోలెడున్నా నోటికొచ్చింది అదే.

తగ్గిందన్నాడు. ఆవిడ బూడిదరంగు గొడుగు అందుకుని విప్పబోయింది. నెలల తరబడి నానిన ఊచలు తుప్పు పట్టి కదల్లేదు. అంటే ఇది ఇప్పుడు అతనికి పనికిరాదు. బయట వాన ఇంకా పడుతూనే ఉంది. ఆవిడ పక్క కొక్కెం మీదున్న తన మెరూన్ గొడుగు తీసి, తొడుగు ఊడదీసి, అతని చేతిలో పెట్టింది.

"మీది నూనె వేసి బాగుచేసి ఉంచుతాను. అప్పటిదాకా నాది వాడుకోండి."

అతను తీసుకున్నాడు. వెళ్తూ తలుపు అంచుమీద అరచెయ్యి వేసి కింది దాకా నిమిరి చూశాడు. "మళ్ళీ ఉబ్బిందండీ. చిత్రిక తెచ్చుకుని వస్తాను" అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు.

"మరి రేపు షాపుకి ఎలా వెళ్తావక్కా?" అన్నాడు తమ్ముడు నీళ్ళు తోడుతూ.

"తడుచుకుంటూ వెళ్తాను."

మరదలు ఆవిడ మొహంలోకి చూసింది. పంటినొప్పి ఎక్కడో ఆ పిల్లకి అప్పుడు అర్థమైంది. బాల్కనీలోకి వెళ్ళి, రేకు డబ్బా తెచ్చి, యథాస్థానంలో పెట్టింది.

మర్నాడు సాయంత్రం అక్క కళ్ళజోళ్ళ పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరింది. నాలుగురోడ్ల కూడలి మధ్యకి వచ్చేసరికి వాన అందుకుంది. తల దాచుకోవడానికి అటూ ఇటూ ఏమీ లేదు. భుజం మీద ఒక చినుకు, చేతిమీద రెండు, పాదం మీద ఒకటి. ఆవిడ పెట్టెని గుండెకి హత్తుకుని, తడవడానికి సిద్ధమై నిలబడింది.

ఇక పడలేదు. ముందు పోయే మనిషి సంచీ నెత్తిన పెట్టుకుని పరుగెడుతున్నాడు. రోడ్డు మీద నీళ్ళు ఎగిరి పడుతున్నాయి. ఆవిడ చెయ్యి చాపి చూసింది. వేళ్ళ కొసలు మాత్రం తడిశాయి. వెనక్కి తీసుకుంది. ఊరికి అవతల, తనెప్పుడూ చూడని ఒక గదిలో, ఒక మనిషి చప్పుడు విని లేచి, పనిముట్లు పక్కకి నెట్టి, చోటు చేసి, మెరూన్ గొడుగు విప్పి ఉంటాడు.

అక్కకి ఏడుపొచ్చింది. మొహం మీద ఉన్న తడి అదొక్కటే.

కళ్ళజోళ్ళు షాపులో ఇచ్చేసి, దగ్గరి దారి వదిలేసి, వాన వెలిసేదాకా బజారంతా చుట్టి ఇంటికి వెళ్ళింది.